మోటారు షెడ్డుకు పన్నెండో మార్పు

చలపతిరావుకు కారు లేదు. కారును నిలిపే ఇళ్ళు మాత్రం పదకొండు ఉండేవి. అవన్నీ కాగితం మీదివే. వాటిని బొద్దింకలకు అందకుండా, వాన చెమ్మ తగలకుండా, ఒక రేకు గొట్టంలో చుట్టి పెట్టి అటక మీద ఉంచాడు. ఆ గొట్టాన్ని వారానికొకసారి దించి, తుడిచి, మళ్ళీ పైకెక్కించే పని ఆయన భార్య హైమావతి వంతుకు వచ్చింది. లేని కారుకు కట్టని ఇంటి మీది దుమ్మును తానెందుకు దులుపుతున్నదో ఆమె ఎన్నడూ ఆయనను అడగలేదు. అడిగితే ఆయన జవాబు చెబుతాడు. ఆ జవాబు గంటకు తక్కువ ఉండదు.

హైమావతిది పిఠాపురం దగ్గర ఒక పల్లె. ఎనిమిదో తరగతి దాకా చదువుకొంది. ఉక్తలేఖనంలో బడి మొత్తానికి ఆమెదే మొదటి స్థానం. ఒత్తులు పోగొట్టి రాసేవాళ్ళంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ చులకన. అంతకు మించి ఆమె చదువులో చెప్పుకోదగినది లేదని అత్తవారు తీర్మానించారు. ఆ తీర్మానాన్ని ఆమె పైకి కాదనలేదు, లోపల ఒప్పుకోనూ లేదు.

బొంబాయి రోడ్డు పక్కన ప్రభుత్వం వారి పెద్ద కర్మాగారం లేస్తున్న రోజులవి. కోస్తా జిల్లాల వాళ్ళు ట్రంకుపెట్టెలతో, ఆవకాయ జాడీలతో రైలు దిగి ఆ రాళ్ళనేల మీద కాపురాలు పెడుతున్నారు. 1964లో చలపతిరావు అక్కడ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. యంత్రాల భాగాలను కాగితం మీద గీసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. స్కేలు ఆనించకుండా ఆయన గీసిన గీత పక్కన స్కేలు పెట్టి చూస్తే స్కేలే వంకరగా కనిపిస్తుందని ఆఫీసులో అనుకొనేవారట. ఆ మాటను ఇంటికి మోసుకువచ్చినవాడు ఆయనే కనుక హైమావతి దాని నిజానిజాలు విచారించలేదు. ఆయన గీత చక్కనిదే. ఆ చక్కదనం కాగితం అంచు దాటి ఇంట్లోకి రాలేదన్నదే ఆమె ఫిర్యాదు.

అయిదేళ్ళకు, ఉద్యోగులు కొందరు కలిసి పటాన్‌చెరుకు ఈవల కొన్న జొన్నచేలో, చలపతిరావు మూడు గదుల ఇల్లు కట్టుకొన్నాడు. ఈశాన్య మూలన బావి పడింది. వాయవ్య మూలన కొంత ఖాళీ జాగా మిగిలింది. ఆ ఖాళీ జాగాయే ఆయనకు జబ్బు తెచ్చిపెట్టింది.

అప్పట్లో ఆ కాలనీలో ఆ జబ్బు లేని మగవాడు అరుదు. కారు కావాలంటే ముందు పేరు నమోదు చేసుకోవాలి. తరువాత ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అయితే పేరు నమోదు చేసుకొన్న మరునాటి నుంచే మనిషి నడక మారేది. సైకిలు తొక్కుతూనే, ఇంజను వేడెక్కితే ఏం చేయాలో పక్కవాడికి బోధించేవాడు. చలపతిరావు పేరు 1970లో నమోదయింది. ఆ సాయంత్రమే ఆయన వాయవ్య మూలన నిలబడి, గుమ్మంలో ఉన్న హైమావతిని పిలిచి, అక్కడ మోటారు షెడ్డు వస్తుందని ప్రకటించాడు. గ్యారేజీ అనడం ఆయనకు నచ్చదు. వాళ్ళ ఊరి జమీందారు గారి కారు ఉండే కొట్టును అందరూ మోటారు షెడ్డు అనేవారు. ఆ మాటలో ఉన్న దర్జా గ్యారేజీలో లేదని ఆయన అభిప్రాయం.

ఇక నమూనాలు గీయడం మొదలయింది. మొదటిదానికి చీఫ్ ఇంజనీరు బంగళాకు ఉన్నట్టు ముందువైపు కమాను గీశాడు. కమాను ఎత్తు చాలదనిపించి రెండోదానిలో పెంచాడు. పెంచితే అది దర్గా వాకిలిలా ఉందని మూడోదానిలో తీసేశాడు. తలుపులు బయటికి తెరవాలా, లోపలికి తెరవాలా అన్న సందేహంతో ఒక శీతాకాలం గడిచిపోయింది. బయటికి తెరిస్తే ప్రహరీ గేటుకు తగులుతాయి. లోపలికి తెరిస్తే కారుకు తగులుతాయి. లేని కారుకు గీత పడుతుందేమోనని ఆయనకు నిద్ర పట్టేది కాదు. అయిదో నమూనాలో నాలుగు రెక్కల మడత తలుపు వచ్చింది. ఆరోదానిలో, కారు కింద పడుకొని మరమ్మతు చేసుకోవడానికి మనిషిలోతు గుంట వచ్చింది. ఎనిమిదోదానిలో షెడ్డు పైన డ్రైవరుకు గది కూడా వెలిసింది. డ్రైవరు గది కిటికీ తమ వంటింటి వైపు తెరుచుకొంటున్నదని హైమావతి చూపించినప్పుడు మాత్రం ఆయన కొంత కంగారుపడి, తొమ్మిదో నమూనాలో డ్రైవరును ఉద్యోగం నుంచి తొలగించాడు.

ప్రతి కాగితం కుడివైపు కింది మూలన ఒక చిన్న పట్టిక ఉండేది. అందులో మార్పు సంఖ్య, తేదీ, కారణం రాయాలి. అది ఆఫీసు పద్ధతి. ఆ పద్ధతి గొప్పతనాన్ని ఆయన అన్నం తింటూ హైమావతికి ఎన్నోసార్లు వివరించాడు. కట్టింది ఒకలాగా, గీసింది మరొకలాగా ఉందనుకో, కట్టినదాన్ని ఎవరూ కూల్చరు. గీసినదాన్ని దిద్ది, కారణం రాసి, సంతకం చేస్తారు. అదీ క్రమశిక్షణ అనేవాడు. హైమావతి ఆ పట్టికలను దుమ్ము దులిపేటప్పుడు చూసింది. పదకొండింటిలోనూ కారణం దగ్గర ఇంగ్లీషులో ఒకే మాట ఉంది, ఇంప్రూవ్‌మెంట్ అని. ఏది మెరుగుపడిందో ఆమెకు అంతుపట్టలేదు.

మెరుగుపడవలసినది ఆ ఇంట్లో లేకపోలేదు. బావిలో నీళ్ళు నలభై అడుగుల లోతున ఉంటాయి. ఎండాకాలంలో మరో పది అడుగులు తాడు వదలాలి. దంపతులకు, ఇద్దరు చిన్న ఆడపిల్లలకు స్నానాలు, వంట, అంట్లు, బట్టలు అన్నీ ఆ నీళ్ళతోనే. పొద్దున ఇరవై చేదలు, సాయంత్రం ఇరవై చేదలు తోడాలి. మూడేళ్ళు గడిచేసరికి హైమావతి కుడి భుజంలోకి ఒక నొప్పి వచ్చి తిష్ఠ వేసింది. పక్కింటి దయావతి మిషన్ ఆసుపత్రిలో నర్సు. సంగారెడ్డి తాలూకాలోనే పుట్టి పెరిగిన మనిషి. ఒకరోజు ఆ చేతిని పట్టుకొని మెల్లగా పైకెత్తబోతే చెవి దాకా కూడా లేవలేదు.

“గిట్లనే తోడుకుంట పోతే వచ్చే ఏడాదికి ఈ చెయ్యి జడ ఏసుకునేదానికి గూడ లేవదక్కా,” అంది దయావతి. “బాయికి మోటారు పెట్టించమను. కరెంటున్నది, బాయిల నీళ్ళున్నయ్, ఇంకేం తక్కువ?”

తక్కువైనది ఏమిటో హైమావతికి తెలుసు. ఆమె అప్పటికి నాలుగుసార్లు అడిగింది. మొదటిసారి ఆయన, కారు రానీ, తరువాత చూద్దామన్నాడు. రెండోసారి, మోటారు చప్పుడుకు పిల్లల చదువు పాడవుతుందన్నాడు. పెద్దదానికి అప్పుడు ఆరేళ్ళు. మూడోసారి ఆయనకు నిజంగానే జాలి కలిగింది. కలిగి, రెండు రాత్రులు కూర్చొని ఒక కొత్త రకం గిలకను మూడు వైపుల నుంచి గీశాడు. ఆ గిలక వాడితే శ్రమ మూడోవంతు తగ్గుతుందని లెక్కగట్టి చూపించాడు. ఆ కాగితం కూడా రేకు గొట్టంలోకే వెళ్ళింది. నాలుగోసారి అసలు సంగతి చెప్పాడు. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్టు మీద తప్ప దొరికేది కాదు. సంగారెడ్డికి ఆరుసార్లు తిరిగితే ఆయనకు ఇరవై బస్తాలకు అనుమతి వచ్చింది. ఆ ఇరవై బస్తాలూ మోటారు షెడ్డుకే సరిపోతాయి. బావి దగ్గర దిమ్మె, గది, తొట్టి అంటూ పెట్టుకొంటే షెడ్డు ఉండదు. రెండింటిలో ఏది ముఖ్యమో నువ్వే చెప్పు అన్నాడు. ఆమె చెప్పేలోగా లేచి చెయ్యి కడుక్కొన్నాడు.

1973 మే నెలలో, పదకొండో నమూనా ఖాయమైన వారానికే, చలపతిరావును కర్మాగారం వారు మూడు నెలల శిక్షణకు ఉత్తరాదికి పంపారు. షెడ్డు ఆగిపోతుందని ఆయన కలవరపడ్డాడు. బయలుదేరే ముందురోజు వాయవ్య మూలన తానే దారం పట్టి, సున్నంతో పునాది ముగ్గు పోశాడు. వెలిమెల నుంచి ఐలన్న అనే మేస్త్రీని పిలిపించి, పదకొండో నమూనాకు నకలు తీసిన నీలి కాగితాన్ని అరుగు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా వేలితో చూపించాడు. ఐలన్న కాగితం వైపు మర్యాదగా చూశాడు. చదువురాని మనిషి ఎంత మర్యాదగా చూడగలడో అంత మర్యాదగానూ చూశాడు.

“ఇది మోటారు షెడ్డు ఐలన్నా,” అన్నాడు చలపతిరావు చివరికి. “గాలి తగలాలి. వాన పడకూడదు. గట్టి తాళం ఉండాలి. మిగిలినదంతా ఇందులో ఉంది.”

“సమజైంది సారూ. గా కాగితం లేకున్న కడ్త. మోటారు షెడ్లు ఈ సుట్టుపక్కల ఇరవై దాక కట్టిన.”

ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెదికినా ఇరవై కార్లు కనబడవు. ఇరవై కారు షెడ్లు ఎక్కడివని ఆలోచించవలసిన మనిషి ఆలోచించలేదు. అనుభవం ఉన్న మేస్త్రీ దొరికాడని మురిసిపోయి, బస్సెక్కాడు.

ఆయన వెళ్ళిన మూడోనాడు వడగళ్ళతో పెద్ద వాన కురిసింది. వాయవ్య మూలన పోసిన ముగ్గు కొట్టుకుపోయింది. మరునాడు ఐలన్న, ఇటుకలు మోయడానికి వచ్చిన అతని భార్య మల్లవ్వ, ఇద్దరూ గంపలతో, పారలతో నేరుగా ఈశాన్యానికి నడిచి, వాటిని బావి పక్కన దించారు. హైమావతి అప్పుడు పన్నెండో చేద తోడుతున్నది.

“అమ్మా, మోటారు ఎంతది?” అన్నాడు ఐలన్న. “మూడు హెచ్‌పీదా, ఐదుదా? దాన్ని బట్టి దిమ్మె కడ్త.”

తాడు ఆమె చేతిలో ఆగింది. ఆ చేలల్లో కరెంటు స్తంభాలు లేచిన నాటి నుంచి ఆ ఊళ్ళవాళ్ళకు మోటారంటే ఒక్కటే. బావి గట్టున కూర్చొని పొలానికి నీళ్ళు తోడే యంత్రం. ఇరవై షెడ్ల లెక్క ఆమెకు అప్పుడు తేలింది. ఒక్క మాట చెబితే ఐలన్న గంప ఎత్తుకొని వాయవ్య మూలకు వెళతాడు. ఆ మాట ఆమె నాలుక మీదికి వచ్చింది కూడా. చేద బావిలోకి దిగి, మునిగి, నిండి, బరువెక్కేంతసేపు అది నాలుక మీదే ఉంది. తాడు లాగబోతే భుజం కలుక్కుమంది.

“ఇంటి నీళ్ళకు ఎంతది కావాలి ఐలన్నా?” అని అడిగింది.

“ఇంటికైతే ఒకటి మస్తు. మూడు, ఐదు పొలాలకు.”

“అయితే ఒకటికే కట్టు.”

“మీద తొట్టి గూడ కడ్తనమ్మా. తొట్టి లేని మోటారు షెడ్డు ఏం షెడ్డు?”

“సారు గట్టిగా కట్టమన్నారు కదా,” అంది హైమావతి. “గట్టిగానే కట్టు.”

చలపతిరావు వారం వారం ఉత్తరం రాసేవాడు. పిల్లల క్షేమం ఒక వాక్యం, తన అజీర్ణం రెండు వాక్యాలు, తక్కినదంతా మోటారు షెడ్డు. హైమావతి తప్పకుండా జవాబు రాసేది. మోటారు షెడ్డుకు పునాది పడింది. మోటారు షెడ్డు గోడలు లేచాయి. మీరు చెప్పినట్టే గాలి ధారాళంగా వస్తున్నది. తలుపు వెడల్పు చాలునా అని ఆయన అడిగితే, మోటారుకు చాలునని మేస్త్రీ అంటున్నాడని రాసింది. ఆ ఉత్తరాలన్నింటిలో ఒక్క అబద్ధం లేదు. ఒక్క అక్షరదోషం కూడా లేదు. ఆయన వాటిని శిక్షణకు వచ్చిన తోటివాళ్ళకు చదివి వినిపించేవాడట. నీలి కాగితం సంగతి మాత్రం ఆమె రాయలేదు. మల్లవ్వ దానిని నాలుగు మడతలు పెట్టి, ఇటుకల గంప కింద నెత్తిన పెట్టుకొనే చుట్టబట్టలో వేసుకొంది. పదకొండు నమూనాలలోకీ బరువు మోసింది ఆ ఒక్కటే.

ఆగస్టులో చలపతిరావు తిరిగివచ్చాడు. గేటు తీసి, పెట్టె కూడా దించకుండా వాయవ్యం వైపు తిరిగాడు. అక్కడ పల్లేరు మొలిచి ఉంది. ఎవరిదో మేక ఒకటి దానిని మేస్తున్నది. ఆయన ఇల్లంతా చుట్టి ఈశాన్యానికి వచ్చాడు. బావి పక్కన ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున ఒక గది, నున్నగా సిమెంటు పూతతో, నెత్తిన తొట్టితో నిలబడి ఉంది. మూడడుగుల తలుపుకు గట్టి తాళం వేలాడుతున్నది. ఐలన్న, మల్లవ్వ చివరి పూతకు నీళ్ళు చల్లుతున్నారు. ఆయన జేబులోంచి టేపు తీసి తలుపును కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. కొలత మారలేదు.

“ఇందులో కారు ఎలా పడుతుందయ్యా?”

“కారేంది సారూ?”

“మోటారు షెడ్డు కట్టమన్నానా, లేదా?”

“కట్టిన గద. గిదే.”

“మోటారంటే కారు కాదటయ్యా?”

“మా దిక్కు మోటారంటే నీళ్ళు పోస్తది సారూ. కారును కారే అంటం. మీ కాగితంల ఏమున్నదో నాకెర్క లేదు. మీరు నోటితోని చెప్పిందాంట్ల మాత్రం ఒక్కటి తప్పలే.”

“గాలి తాకాలన్నరు, వాన పడొద్దన్నరు, తాళముండాలన్నరు,” అంది మల్లవ్వ, నీళ్ళ చెంబు కింద పెట్టి. “మూడున్నయ్, సూస్కోండ్రి.”

ఆయన చూసుకొన్నాడు. మూడూ ఉన్నాయి. మాటలు తనవే కనుక వాటితో తగవు పెట్టుకోవడం ఎలాగో తెలియక, గుమ్మంలో నిలబడిన భార్య వైపు తిరిగాడు.

“నీకు తెలుసా?”

“తెలుసు,” అంది హైమావతి.

“మరి నాకు చెప్పలేదేం?”

“నాలుగుసార్లు చెప్పానండీ. మోటారు కావాలనే చెప్పాను.”

ఆయన పెట్టె తీసుకొని లోపలికి వెళ్ళిపోయాడు. ఇరవై బస్తాల సిమెంటులో మిగిలినది అరబస్తా. అది కూడా చెమ్మకు గడ్డకట్టి ఉంది.

అవమానం అంతటితో ఆగలేదు. ఉత్తరాది నుంచే ఆయన ముగ్గురు తోటి ఉద్యోగులకు, వచ్చే ఆదివారం మా మోటారు షెడ్డు చూడడానికి రండి అని కార్డులు రాసి ఉన్నాడు. వాళ్ళు చెప్పిన సమయానికి ఇస్త్రీ బట్టలతో వచ్చారు. వచ్చి, షెడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఏమీ అనకుండా కాఫీ తాగారు. ఏమీ అనకుండా ఉండలేనివాడు దయావతి భర్త సుందర్‌రాజు ఒక్కడే. గోడ అవతలి నుంచే తల ఎత్తి, “రావుగారూ, కారును నిలబెట్టి పెడతరా, మడతబెట్టి పెడతరా?” అని అడిగాడు. ఇస్త్రీ బట్టలవాళ్ళకు కాఫీ పొలమారింది.

చలపతిరావు ఇంట్లో మాట్లాడడం మానేశాడు. కోపం వచ్చిన మగవాడు ఉపవాసం చేయడు కనుక భోజనం మాత్రం మానలేదు. మోటారు కొనే ఊసు ఎత్తలేదు. తాళం వేసిన ఖాళీ గది బావి పక్కన బొమ్మలా నిలబడింది. దాని నీడలోనే నిలబడి హైమావతి పూర్వంలాగే నలభై చేదలూ తోడింది. గెలిచినదాని వల్ల భుజానికి ఏమీ ఒరగలేదు. గది కట్టించగలిగింది కానీ గదిలోకి యంత్రాన్ని ఆమె ఏ మాటతోనూ తెప్పించలేకపోయింది. ఆ రోజులలోనే, ఒక తెల్లవారుజామున, తాడు చేతిలోంచి జారి చేద బావిలో పడింది. ఆమె చెయ్యి పక్కకు వేలాడిపోయింది.

దయావతి వచ్చి చూసి, ఆ చేతిని మెడకు గుడ్డతో జోలె కట్టింది. కట్టి, చలపతిరావు ఎదుట నిలబడి, పదిహేను దినాలు ఈ చెయ్యి కదలొద్దని చెప్పింది. మరి నీళ్ళో అని ఆయన అడిగాడు. మీకు రెండు చేతులున్నయ్ గదా అన్నట్టు ఆమె ఆయన చేతుల వైపు చూసి వెళ్ళిపోయింది.

మొదటిరోజు చలపతిరావు పాతాళగరిగెతో చేదను పైకి తీసి, ఇరవై చేదలు తోడి, ఇదేమంత పని అన్నాడు. సాయంత్రం పదిహేనుతో సరిపెట్టాడు. రెండోరోజు అరచేతులలో బొబ్బలు లేచాయి. తాను గీసిన గిలక గుర్తుకువచ్చిందేమో, తాడు పట్టుకొని కొంతసేపు గిలకనే చూస్తూ నిలబడ్డాడు. మూడోరోజు ఆఫీసులో బల్ల ముందు కూర్చొని, ఎప్పటిలాగే స్కేలు పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి పెన్సిలు ఆనించాడు. గీత వణికింది. చెరిపి మళ్ళీ గీశాడు. మళ్ళీ వణికింది. స్కేలు ఆనించి గీస్తే స్కేలు కూడా జారింది. సాయంత్రానికి ఆ కాగితం పైఅధికారి దగ్గర నుంచి ఎర్ర పెన్సిలు గుర్తుతో తిరిగివచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆయన కాగితం మీద ఎర్ర గుర్తు పడడం అదే మొదలు. గీతలో వంకర ఎందుకు వచ్చిందని అధికారి అడిగితే, నీళ్ళు తోడానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

మూడు రోజులు తోడితే తన గీత ఇలా అయింది. నాలుగేళ్ళు తోడిన చేతి సంగతి ఏమిటని ఆయన ఆ సాయంత్రం అనుకొని ఉంటాడని మనం అనుకోవచ్చు. ఆయన మాత్రం ఎవరితోనూ అనలేదు. గొప్ప ఆలోచన ఏది వచ్చినా గంటసేపు వివరించే మనిషి ఆ ఒక్క ఆలోచనను గుట్టుగా ఉంచుకొన్నాడు. దాని విలువ ఆ గుట్టు వల్లనే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున ఆయన టేపు పట్టుకొని బావి దగ్గరికి వెళ్ళాడు. గదిని లోపల, వెలుపల కొలిచాడు. తొట్టి ఎక్కి దాని లోతు కొలిచాడు. దిమ్మె మీద చెయ్యి పెట్టి మట్టం చూశాడు. మట్టం వెంట్రుకవాసి కూడా తప్పలేదని గమనించి, ఐలన్న మీద ఆయనకు మరికొంచెం కోపం వచ్చింది. తరువాత అరుగు మీద బల్ల వేసుకొని సాయంత్రం దాకా కూర్చున్నాడు. కాఫీ ఇవ్వడానికి వెళ్ళిన హైమావతి కాగితం వైపు చూడలేదు. చూడమని ఆయన అనలేదు.

తరువాతి సంగతి కొంత ఇక్కడే చెప్పుకోవాలి. దసరాకు ముందు ఆ గదిలోకి ఒక హెచ్‌పీ మోటారు వచ్చింది. పిల్లల చదువు దాని చప్పుడుకు పాడుకాలేదు. వాయవ్య మూలన పల్లేరు పోయి, తొట్టి నీళ్ళతో బెండ, గోంగూర, పొట్లపాదు వచ్చాయి. 1977లో, కారుకు మీ వంతు వచ్చిందని చలపతిరావుకు కార్డు వచ్చింది. ఆయన దానిని రెండుసార్లు చదివి, పొట్లపందిరి వైపు ఒకసారి చూసి, రేకు గొట్టంలో పెట్టాడు. గడువు దాటిపోయింది. ఆ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సుందర్‌రాజు మాత్రం ఏడాదికొకసారి, కారు మడత విప్పలేదా రావుగారూ అని గోడ మీదుగా పలకరించేవాడు.

ఆ ఆదివారం సాయంత్రం, ఆయన లేచి ఊళ్ళోకి వెళ్ళాక, హైమావతి బల్ల దగ్గరికి వచ్చింది. కాగితం మీద గది ఉంది. కట్టినది కట్టినట్టు, ఆరడుగులూ ఆరడుగులుగానే ఉంది. గది మధ్యన చిన్న గుండ్రం గీసి, మోటారు అని రాశాడు. అక్షరాలు తెలుగువి. పదకొండు కాగితాలలో ఎక్కడా లేని తెలుగు ఈ కాగితంలో ఉంది. రాసి అలవాటు లేక, బొబ్బల చేతికి వశం కాక, అవి చిన్నపిల్లల రాతలా పెద్దవిగా, గుండ్రంగా ఉన్నాయి. గీతలు అక్కడక్కడా వణికాయి. వాటిని ఆయన చెరిపి దిద్దలేదు.

మూలన పట్టిక ఉంది. మార్పు సంఖ్య: పన్నెండు. తేదీ. కారణం అన్నచోట ఇంప్రూవ్‌మెంట్ అన్న మాట లేదు. ‘హైమావతి కుడి బుజం’ అని ఉంది.

ఆమె ఆ మాటలను చాలాసేపు చదివింది. తరువాత జోలె కట్టులోంచి కుడిచేతిని మెల్లగా బయటికి తీసి, ఆయన పెన్సిలు అందుకొని, బకారం కింద పోయిన ఒత్తును పెట్టింది.